పెరటి మట్టి పరీక్ష: ఇంట్లో తేలేది ఏది, ల్యాబ్‌కి పంపాల్సింది ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కలు బాగానే పెరుగుతున్నాయి. అయినా మట్టి పరీక్ష చేయించాలా?

అక్కర్లేదు. కాపు బాగుండి, ఆకు పచ్చగా ఉండి, కొత్తగా ఎరువులేవీ వేసే ఆలోచన లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. పరీక్ష అవసరమయ్యే సందర్భాలు వేరు. కొత్త స్థలంలో తోట మొదలుపెడుతున్నా, సున్నమో గంధకమో వేయాలనుకుంటున్నా, ఒకే మడిలో ఏ మొక్క పెట్టినా గిడసబారిపోతున్నా, ఏళ్ల తరబడి కంపోస్టు కుమ్మరిస్తూ వచ్చినా, ఆ స్థలంలో ఇదివరకు ఏం ఉండేదో అనుమానంగా ఉన్నా మట్టిని చూపించుకోవాల్సిందే.

పరీక్షకు ముందు, మీకు ఏ ప్రశ్నకు జవాబు కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. "మట్టి ఎలా ఉందో చూద్దాం" అని ఊరికే పంపితే అంకెల పట్టీ ఒకటి చేతికొస్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక కొత్త టెన్షన్ మొదలవుతుంది.

ఇంట్లో చేసుకునే పరీక్షలు నిజంగా పనికొస్తాయా?

కొన్ని ల్యాబ్ కంటే బాగా పనికొస్తాయి. ల్యాబ్‌కి వెళ్లే మట్టిని ఎండబెట్టి, పొడి చేసి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. నేల గట్టిపడిందా, గుల్లగా ఉందా, నీరు నిలుస్తోందా, వానపాములు ఉన్నాయా అన్నవి ఆ పొడిలో కనిపించవు. అవి మీ పెరట్లో, మీ చేతి కిందే తెలియాలి.

పీహెచ్, అంటే మట్టి ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె, ఇంట్లో సుమారుగా తేలుతుంది. భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలు, లవణాలు, లోహాల సంగతి మాత్రం ల్యాబ్‌కే వదిలేయండి.

నా మట్టిలో ఇసుక ఎంత, బంక ఎంత అని ఎలా తెలుసుకోవాలి?

నిటారు గోడలున్న గాజు సీసా తీసుకోండి. రాళ్లు, వేర్లు ఏరేసిన మట్టిని మూడో వంతు వరకు పోసి, పైన కొంచెం ఖాళీ వదిలి నీళ్లు నింపండి. ఒక చెంచా డిటర్జెంట్ పొడి వేస్తే ఒకదానికొకటి అంటుకున్న రేణువులు విడిపోతాయి. మూత పెట్టి కొన్ని నిమిషాలు గట్టిగా ఊపి, కదలని చోట పెట్టండి.

ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. అక్కడ సీసా మీద గీత గీయండి. సుమారు రెండు గంటలకు ఒండ్రు దిగుతుంది, రెండో గీత. బంకమట్టికి ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి రెండు. ఒక్కో పొర మందాన్ని మొత్తం మందంతో భాగిస్తే శాతాలు వస్తాయి. పైన తేలే నల్లటి చెత్త సేంద్రియ పదార్థం, దాన్ని లెక్కలో కలపొద్దు.

రేణువు ఎంత పెద్దదైతే అంత వేగంగా మునుగుతుంది, ఈ పరీక్ష నడిచేది ఆ సూత్రం మీదే. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మిల్లీమీటర్లు, బంక రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది. రెండు రోజులైనా నీరు మబ్బుగానే ఉంటే పరీక్ష పాడైందనుకోకండి, అంత సన్నని బంక ఉందని అర్థం.

అంత ఓపిక లేకపోతే తడి మట్టిని ముద్ద చేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా సాగదీయండి. పట్టీ రానే రాకపోతే ఇసుక నేల. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే గరప. 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే బంకనేల. నేను మొదట చేసేది ఇదే, సీసా తర్వాత.

నీరు సరిగా ఇంకుతోందో లేదో?

30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి నీళ్లతో నింపి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కర్రతో కొలవండి. గంటకు రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్లు దిగితే చాలా మొక్కలకు బాగుంటుంది. అంతకంటే తక్కువైతే వేర్లకు గాలి అందదు. 10 దాటితే నీళ్లతో పాటు పోషకాలూ కిందకు పోతాయి.

మొదటి రోజు నింపిన నీటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఎండిన నేల దాహంతో ఉంటుంది, ఎంతైనా తాగేస్తుంది.

మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుస నురగ వస్తే క్షార నేల, వంటసోడా కలిపితే నురగ వస్తే ఆమ్ల నేల అంటారు. నిజమేనా?

మొదటిది సగం నిజం. వెనిగర్‌లోని ఆమ్లం సున్నపురాయితో కలిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుంది, ఆ నురగ అదే. అంటే మట్టిలో సున్నం ఉందని తెలుస్తుంది, పీహెచ్ చాలావరకు ఏడుకు పైనే ఉంటుంది. కానీ గోడ నుంచి రాలిన సిమెంటు పెచ్చు, కంపోస్టులో పడ్డ గుడ్డు పెంకు కూడా నురగ తెప్పిస్తాయి. నురగ రాకపోతే క్షారం లేదని కూడా అనుకోలేం.

వంటసోడా పరీక్షను వదిలేయండి. మట్టిలో ఉండే ఆమ్లం అంత బలమైనది కాదు. ఆమ్ల నేలలు కూడా దాదాపు ఎప్పుడూ నురగ ఇవ్వవు.

అసలు ఈ పీహెచ్ అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

ఆమ్లమా, క్షారమా, ఎంత అన్నది చెప్పే అంకె. 7 తటస్థం, దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. ఒక్కో అంకెకు పదింతల తేడా. 5.5 ఉన్న నేల 6.5 ఉన్నదానికంటే పది రెట్లు ఆమ్లం. రిపోర్టులో 6.2 బదులు 6.4 వచ్చిందని కంగారు పడక్కర్లేదు గానీ, 5.2కి 6.2కి తేడా చాలా పెద్దది.

ఈ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రతిపాదించాడు. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవాడు. మొత్తం నత్రజనిని కొలిచే కెల్డాల్ పద్ధతి కూడా అంతకుముందే, 1883లో, అదే పరిశోధనశాలలో పుట్టింది. మట్టి పరీక్ష బీరు తయారీకి ఇంత రుణపడి ఉందని నాకు తెలిసిన రోజున చాలాసేపు నవ్వుకున్నాను.

కూరగాయలకు చాలావరకు 6 నుంచి 7 మధ్య బాగుంటుంది. భాస్వరం మొక్కకు బాగా అందేది కూడా ఆ మధ్యే. ఏడున్నర దాటితే ఇనుము, జింకు, మాంగనీసు మట్టిలో ఉన్నా వేరుకు అందవు, లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. 5 కంటే దిగితే అల్యూమినియం కరిగి వేర్లను మొద్దుబార్చేస్తుంది. బ్లూబెర్రీ లాంటి కొన్ని మొక్కలు మాత్రం 4.5 నుంచి 5.5 మధ్య ఆమ్లమే కావాలంటాయి.

మట్టిలో గుచ్చే రెండు పుల్లల మీటర్ కొన్నాను. బ్యాటరీ కూడా లేదు. దాని మాట నమ్మొచ్చా?

వద్దు. రెండు వేర్వేరు లోహాల పుల్లల మధ్య పుట్టే కొద్దిపాటి కరెంటే దానికి ఆధారం. ఆ కరెంటు తడిని బట్టి, లవణాలను బట్టి, ఎంత గట్టిగా గుచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది. నా దగ్గరున్నది ఎక్కడ గుచ్చినా 7 చూపించేది. చివరికి నీళ్ల గ్లాసులోనూ, వెనిగర్‌లోనూ ముంచి చూశాను. రెండింటికీ దాదాపు అదే అంకె. ఇప్పుడది తడి ఉందా లేదా చూడటానికి పనికొస్తోంది, ఆ పని వేలు కూడా చేస్తుంది.

మరి డిజిటల్ పీహెచ్ పెన్?

అది వేరే సంగతి, జాగ్రత్తగా వాడితే మంచి పరికరం. వాడే ముందు పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచేసుకోవాలి. నేరుగా మట్టిలో గుచ్చకూడదు, కొనలోని గాజు బుడగ పగులుతుంది. ఒక వంతు ఎండిన మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, మధ్యమధ్య తిప్పుతూ అరగంట ఆగి, పైన తేరిన నీటిలో ముంచాలి. కుళాయి నీళ్లు వద్దు, వాటి క్షారం మీ మట్టి ఖాతాలో పడుతుంది.

వాడాక ఆరబెట్టేసి డబ్బాలో పెడితే పెన్ త్వరగా చచ్చిపోతుంది. కొనను పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో తడిగా ఉంచాలి. చాలామంది డిస్టిల్డ్ వాటర్‌లో పెడతారు, అదీ పాడు చేస్తుంది.

పెన్ లేకపోతే పీహెచ్ కాగితం చాలు. అర అంకె అటూ ఇటూ అవుతుంది, మొదటి అంచనాకు అది చాలు.

రంగు మారే ఎన్‌పీకే కిట్లు?

భాస్వరానికి నీలం, నత్రజనికి గులాబీ రంగు, పొటాష్‌కి ద్రావణం మబ్బెక్కడం. వెనకున్న రసాయన శాస్త్రం అసలైనదే. కానీ మీరు చూసేది "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అన్న మూడు మెట్లే. సాయంత్రం వెలుతురులో, పాతబడ్డ మందుతో, మబ్బుగా ఉన్న ద్రావణంలో ఆ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఈ కిట్ చూసి ఎరువు మోతాదు లెక్కకట్టకండి. పిల్లలకు నేర్పడానికైతే హాయిగా కొనండి.

ల్యాబ్‌కి పంపడానికి నమూనా ఎలా తీయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

100 చదరపు మీటర్ల తోటలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 20 టన్నులు. మీరు పంపేది అర కిలో. అందులోంచి ల్యాబ్‌లో ఒక్కో పరీక్షకు తీసుకునేది కొన్ని గ్రాములు. ఆ కొన్ని గ్రాములు 20 టన్నుల తరఫున మాట్లాడాలి. ల్యాబ్ యంత్రం ఎంత ఖరీదైనదైనా, మీరు నమూనాలో చేసిన తప్పును అది సరిదిద్దలేదు. తప్పుడు రిపోర్టుల వెనక నేను చూసినంతలో ల్యాబ్ తప్పు కంటే గునపం పట్టిన చేతి తప్పే ఎక్కువ.

తోటంతా వంకరటింకరగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల తీయండి. ముందు పైనున్న ఆకులు, గడ్డి పక్కకు నెట్టండి, మట్టిని గీకెయ్యకండి. వి ఆకారంలో గుంట తవ్వి, ఆ మట్టి పడేసి, గుంట గోడ వెంట పైనుంచి కింద దాకా రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఒక పొర కోయండి. మీకు కావలసింది ఆ పొర. పై మట్టి గుప్పెడు తీసి పంపితే ఎరువంతా అందులోనే ఉంటుంది, అంకెలు ఆకాశంలో ఉంటాయి.

లోతు మొక్కను బట్టి. కూరగాయలు, పూలమొక్కలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు. పచ్చిక బయలుకు 10 చాలు. పండ్ల చెట్లకు పైపొర ఒక నమూనా, 30 నుంచి 60 సెంటీమీటర్ల పొర వేరే నమూనా, రెండూ కలపొద్దు.

అన్నీ ప్లాస్టిక్ బకెట్లో వేయండి. జింకు పూత ఉన్న ఇనుప బకెట్ వాడితే రిపోర్టులో జింకు పుష్కలంగా కనిపిస్తుంది, మొక్కకు మాత్రం దొరకదు. తుప్పు పట్టిన పారతో ఇనుము అంకె కూడా అలాగే మారుతుంది. ఎరువుల సంచిని మడిచి నమూనా సంచిగా వాడటం గురించి ఏమీ చెప్పక్కర్లేదనుకుంటాను. కానీ అలా పంపేవాళ్లు ఉన్నారు.

గడ్డలు చిదిపి బాగా కలపండి. శుభ్రమైన కాగితం మీద గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ అలాగే, అర కిలో మిగిలేదాకా. నీడలో ఆరబెట్టండి. పొయ్యి మీద గానీ మండుటెండలో గానీ వద్దు, వేడికి పొటాష్ వంటి వాటి విలువలు మారిపోతాయి.

కంపోస్టు గుంట పక్కన, చెత్త కాల్చిన చోట, చెట్టు మొదట్లో, దారిలో, సిమెంటు గోడకు ఆనుకుని తీయకండి. గోడ నుంచి కారే సున్నం పక్క మట్టి పీహెచ్‌ను పెంచేస్తుంది. అలాంటి చోటే మొక్క పెట్టాలనుకుంటే దానికి విడిగా నమూనా తీయండి.

పెరడంతటికీ ఒక్క నమూనా చాలదా?

ఒకే రంగు, ఒకే వాలు, ఒకే వాడకం ఉన్న నేలకు ఒకటి చాలు. ముందు పచ్చిక, వెనక కూరగాయల మడి ఉంటే రెండు. బాగా పెరిగే భాగం, పెరగని భాగం ఉంటే వాటిని ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. కలిపితే వచ్చే సగటు రెండు చోట్లకూ అబద్ధమే. ఆ రెండింటినీ విడివిడిగా పంపి పక్కపక్కన పెట్టి చూడటమంత పనికొచ్చే పరీక్ష ఇంకోటి లేదు.

ఎప్పుడు తీయాలి?

నాటడానికి రెండు మూడు నెలల ముందు. సున్నం వేయాల్సి వస్తే అది పనిచేయడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. ఎరువు వేసిన వెంటనే, నేల బురదగా ఉన్నప్పుడు వద్దు. మళ్లీ పరీక్ష మూడేళ్లకు చేయించినా సరే, అదే కాలంలో చేయించండి. తడి కాలానికీ పొడి కాలానికీ పీహెచ్, పొటాష్ కొంత అటూ ఇటూ అవుతాయి.

ల్యాబ్‌లో ఏయే పరీక్షలు అడగాలి?

మొదటిసారికి పీహెచ్, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, లభ్య భాస్వరం, లభ్య పొటాష్. ఆమ్ల నేల అనుకుంటే సున్నం ఎంత కావాలో కూడా అడగండి. ఆకులు పసుపుబారుతుంటే జింకు, ఇనుము, మాంగనీసు, బోరాన్ కలపండి. ఏం పండించబోతున్నారో ఫారంలో రాయండి. ఖాళీ వదిలితే సిఫార్సు కూడా ఖాళీగానే వస్తుంది, లేదా ఏదో పొలం పంటకు లెక్కకట్టి పంపుతారు.

రిపోర్టులో అంకెలు అర్థం కావడం లేదు.

ముందు కొలమానం చూడండి. పీపీఎం అంటే కిలో మట్టిలో మిల్లీగ్రాములు. దాన్ని 2.24తో హెచ్చవేస్తే 15 సెంటీమీటర్ల లోతుకు హెక్టారుకు కిలోలు వస్తాయి. పెరటికి హెక్టారు లెక్క ఎందుకంటారా? హెక్టారుకు 100 కిలోలు అంటే చదరపు మీటరుకు 10 గ్రాములు. ఇది గుర్తుంటే చాలు.

ఇంకో చిక్కుంది. కొన్ని ల్యాబ్‌లు భాస్వరాన్ని మూలకంగా రాస్తాయి, కొన్ని ఆక్సైడ్‌గా. ఎరువు సంచి మీద ఎక్కువగా ఉండేది ఆక్సైడ్ లెక్కే. మూలక భాస్వరాన్ని 2.29తో, పొటాషియంను 1.2తో హెచ్చిస్తే ఆక్సైడ్ అంకె వస్తుంది. ఇది గమనించకుండా లెక్కేస్తే భాస్వరం మోతాదు రెట్టింపుకు పైగా తప్పుతుంది.

సేంద్రియ కర్బనాన్ని 1.724తో హెచ్చిస్తే సేంద్రియ పదార్థం. వాహకత అంటే లవణాల కొలత. మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి, దాన్నుంచి తీసిన ద్రవంలో అది మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పు నేల అంటారు, చిక్కుడు జాతి మొక్కలకు 1 దాటగానే ఇబ్బంది మొదలవుతుంది. నీళ్లు ఎక్కువ కలిపి కొలిస్తే అంకె తగ్గుతుంది కాబట్టి ఏ పద్ధతో అడగండి.

రెండు ల్యాబ్‌లకు ఒకే మట్టి పంపితే భాస్వరం రెండు రకాలుగా వచ్చింది. ఎవరిది తప్పు?

బహుశా ఇద్దరిదీ కాదు. ల్యాబ్ కొలిచేది మట్టిలోని మొత్తం భాస్వరాన్ని కాదు, ఒక ద్రావణంతో కడిగితే బయటికొచ్చే భాగాన్ని. ఆ ద్రావణాలు వేర్వేరు. క్షార నేలలకు 1954 నాటి ఓల్సెన్ పద్ధతి, ఆమ్ల నేలలకు 1945 నాటి బ్రే పద్ధతి, ఇంకా మెహ్లిక్ పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో "చాలినంత" అన్న అంకె ఇంకోదాంట్లో "తక్కువ" కావచ్చు. ఒకే ల్యాబ్‌తో కొనసాగండి, ఏళ్ల మధ్య పోలిక అప్పుడే కుదురుతుంది.

నత్రజని పరీక్ష చేయలేదు, ఎందుకు?

మొక్క తీసుకునే నత్రజనిలో ఎక్కువ భాగం నైట్రేట్. అది నీళ్లతో పాటు కదిలిపోతుంది. మీరు నమూనా తీసిన రోజున్న అంకె, పెద్ద వాన పడ్డాక ఉండదు. అందుకే చాలా ల్యాబ్‌లు సేంద్రియ కర్బనాన్ని చూసి అంచనా చెబుతాయి.

ఏటా కంపోస్టు వేస్తున్నా. రిపోర్టులో భాస్వరం "చాలా ఎక్కువ" అని వచ్చింది.

పెరటి తోటల్లో ఇది చాలా మామూలు. కంపోస్టు, పశువుల ఎరువుల్లో నత్రజనితో పోలిస్తే మొక్క అవసరానికి మించి భాస్వరం ఉంటుంది. నత్రజని కోసం ఎరువు వేస్తూ పోతే భాస్వరం పేరుకుంటుంది. అది ఎక్కువైతే జింకు, ఇనుము అందకపోవడం, వేర్లకు తోడుండే శిలీంధ్రాలు తగ్గడం జరుగుతాయి. దాన్ని తీసేసే మందు లేదు. కొన్నేళ్లు ఎముకల పొడి, పశువుల ఎరువు ఆపి, నత్రజని కోసం పప్పుజాతి పచ్చిరొట్ట పెంచండి. "సేంద్రియమే కదా, ఎంతైనా వేయొచ్చు" అనేవాళ్లకు ఈ రిపోర్టు చూపించండి.

పీహెచ్ తేడాగా వచ్చింది. సరిచేయడం ఎలా?

ఆమ్లమైతే సున్నపురాయి పొడి. ఎంత వేయాలో పీహెచ్ ఒక్కటే చెప్పదు. ఒకే పీహెచ్ ఉన్నా బంకనేలకు ఇసుక నేల కంటే చాలా ఎక్కువ కావాలి. ప్రభావం కనిపించడానికి నెలలు పడుతుంది. కట్టె బూడిద కూడా పీహెచ్ పెంచుతుంది, కాబట్టి క్షార నేలలో బూడిద చల్లడం మానండి. జిప్సం పీహెచ్‌ను పెంచదు, అది సోడియం ఎక్కువున్న చౌడు నేలకు.

క్షారమైతే గంధకం. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి, అదీ నెలల పనే. వెనిగర్ పరీక్షలో మట్టి బాగా నురగలు కక్కిందంటే గంధకం మీద డబ్బు తగలెయ్యకండి. ఉన్న సున్నమంతా కరిగేదాకా పీహెచ్ కదలదు. ఆ నేలలో పెరిగే మొక్కలనే పెట్టండి, ఆమ్లం కోరేవాటిని కుండీల్లో పెంచండి.

మట్టిలో సీసం ఉందేమోనని భయంగా ఉంది.

మామూలు భూసార పరీక్షలో సీసం ఉండదు, విడిగా అడగాలి. పాత ఇంటి గోడల పెయింటు రాలిన చోట, రద్దీ రోడ్డు పక్కన, పాత గ్యారేజీ స్థలంలో అడగడం మంచిది. రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మడం ప్రపంచంలో పూర్తిగా ఆగింది 2021లోనే. గాలిలోంచి రాలిన సీసం మట్టిలో అలాగే ఉండిపోతుంది, వానకు కొట్టుకుపోదు. సహజంగా మట్టిలో ఉండేది కిలోకు 10 నుంచి 50 మిల్లీగ్రాములు.

పిల్లలు ఆడుకునే చోటైతే పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టే పంపండి, చేతికంటి నోట్లోకి వెళ్లేది అదే. అంకె ఎక్కువగా వస్తే ఆకుకూరలు, దుంపలు అక్కడ వద్దు. ఎత్తుగా మడి కట్టి బయటి మంచి మట్టి నింపుకోండి, మిగతా నేల దుమ్ము లేవకుండా కప్పి ఉంచండి.

కొన్న ఎరువులో కలుపుమందు అవశేషం ఉందో లేదో ఇంట్లో తెలుస్తుందా?

తెలుస్తుంది, చిక్కుడు గింజలతో. అనుమానమున్న ఎరువు కలిపిన మట్టితో మూడు కుండీలు, అది కలపని మట్టితో మూడు కుండీలు నింపి, ఒక్కోదాంట్లో నాలుగైదు గింజలు పెట్టండి. ఒకదాని కింద నీరు ఇంకోదానికి చేరకూడదు. మూడు నాలుగు వారాల్లో మొదటి మూడింట్లోనే ఆకులు దొప్పల్లా ముడుచుకుని కాడలు మెలితిరిగితే ఆ ఎరువు తోటలో వేయకండి. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ వంటి మందులు గడ్డి మీద చల్లితే, ఆ గడ్డి మేసిన పశువు పేడలో కూడా పని చేస్తూనే ఉంటాయి.

కుండీ మట్టిని కూడా పంపొచ్చా?

పంపొచ్చు, కానీ కుండీ మిశ్రమం అని రాయండి. కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిసిన మిశ్రమం చాలా తేలిక, నేల మట్టి లెక్కలు దానికి కుదరవు. దానికి వేరే పద్ధతి ఉంది, అన్ని ల్యాబ్‌లూ చేయవు.

రిపోర్టులో అంతా బాగుంది. మొక్కలు మాత్రం చచ్చిపోతున్నాయి.

అయితే సమస్య పోషకాలది కాదు, ఆ మేరకు రిపోర్టు పని చేసినట్టే. టమాటా కాయ అడుగు నల్లబడితే మట్టిలో కాల్షియం తక్కువని తీర్మానించేస్తారు. చాలాసార్లు కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకుండా పోయడం వల్ల కాయకు చేరదు.

చచ్చిపోతున్న ఒక మొక్కను వేర్లతో సహా పెళ్లగించి చూడండి. వేర్లు గోధుమరంగులో మెత్తబడ్డాయా, ముడులు కట్టాయా, ఒక లోతుకు వెళ్లి పక్కకు తిరిగాయా? ముడులుంటే నులిపురుగులు, దానికి వేరే ల్యాబ్ పరీక్ష ఉంది, నమూనాలో వేర్లు కూడా పంపాలి, ఎండబెట్టకూడదు. పక్కకు తిరిగితే కింద గట్టి పొర ఉంది. తర్వాత ఆ గుంటనే ఇంకాస్త లోతు చేసి కింది మట్టిని వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే నీరు నిలిచి గాలి ఆడటం లేదు, ఎరువుల సంచి పక్కన పెట్టి ముందు నీళ్లు పోయే దారి తవ్వండి.